ఏ వేలు తిమ్మిరెక్కింది? పట్టు కసరత్తులూ చేతి నరాలూ

నేల మీది బరువు లేపే డెడ్‌లిఫ్ట్ చేసిన రాత్రి చిటికెన వేలు మొద్దుబారితే అది ఒక సమస్య. తెల్లవారుజామున బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తే అది ఇంకొకటి. పొద్దున లేచేసరికి ఉంగరం వేలు ముడుచుకుపోయి, రెండో చేత్తో లాగితే టక్కున విచ్చుకుంటే అది మూడోది. ఆ మూడోదానికి నరంతో సంబంధమే లేదు. జిమ్‌లో మాత్రం మూడింటికీ ఒకటే మాట: "నరం పట్టేసింది బ్రో, రెండ్రోజులు ఆగు." మందుల షాపులోనూ మూడింటికీ ఒకటే బిళ్ళ, బీ కాంప్లెక్స్.

ఇలాంటి బాధల్లో ఎక్కువ భాగం చిన్నవే, వేళకు గుర్తిస్తే తగ్గిపోయేవే. కానీ ఒక్కొక్కటి పుట్టే చోటు వేరు, తగ్గే దారి వేరు. ఆ చోటు పట్టుకోవడానికి స్కానింగ్ కంటే ముందు పనికొచ్చేవి మూడు ప్రశ్నలు: ఏ వేలు? ఆ వేలికి ఏ పక్క? ఏ వేళప్పుడు? ఈ మూడింటికీ సరిగ్గా జవాబు చెప్పగలిగితే డాక్టరు పని సగం అయిపోయినట్టే.

పట్టు పెంచుకోవాలనే తపన మనకు కొత్తేమీ కాదు. తాలింఖానాల్లో గద తిప్పినవాళ్ళు, ఉత్తరాంధ్ర పల్లెల్లో సంగిడి రాళ్ళెత్తినవాళ్ళు పట్టు విలువ ఎరిగినవాళ్ళే. ఇప్పుడు దాని మీద మోజు మరీ పెరిగింది. డెడ్‌లిఫ్ట్, పుల్-అప్, రెండు చేతుల్లో బరువులతో నడిచే ఫార్మర్స్ వాక్, కడ్డీ పట్టుకుని వేలాడే డెడ్ హ్యాంగ్, వీటికి తోడు ఆఫీసు కుర్చీలో కూడా వదలని, పిడికిట్లో పట్టి నొక్కే స్ప్రింగు సాధనం గ్రిప్పర్. మారింది కసరత్తు ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న రోజు కూడా మారింది. గంట సేపు ట్రాఫిక్‌లో బైకు యాక్సిలరేటర్ పట్టుకుని ఆఫీసుకు వెళ్ళి, ఎనిమిది గంటలు కీబోర్డు మీద మణికట్టు ఆనించి, సాయంత్రం జిమ్‌లో బరువులు లాగి, రాత్రి మోచేయి మడిచి ఫోను పట్టుకుని పడుకునే మనిషి చేతిలో మీడియన్, అల్నార్ అనే అవే రెండు నరాలు రోజంతా నలుగుతాయి. తిమ్మిరి జిమ్‌లో బయటపడుతుంది గానీ దానికి కారణం మొత్తం అక్కడే ఉండదు.

పిడికిలి ఎక్కడ బిగుస్తుంది?

వేళ్ళను ముడిచే కండలు వేళ్ళలో ఉండవు. చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూడండి. మోచేతి కింద, ముంజేతి లోపలి వైపు చర్మం అడుగున కదలిక కనిపిస్తుంది. సైకిల్ బ్రేకు నొక్కితే తీగ గొట్టంలో జారి చక్రం దగ్గర పని జరిగినట్టు, కండ బిగిసేది ముంజేతిలో, వంగేది వేలు. మధ్యలో ఉన్న ఆ తీగలే టెండన్లు. మణికట్టు దాటి వేలి కొన వరకూ అవి ఎముకను అంటిపెట్టుకుని ఉండేలా దారి పొడుగునా చిన్న చిన్న పట్టీలు పట్టి ఉంచుతాయి.

ఇంకో చిన్న పరీక్ష. మణికట్టును లోపలికి పూర్తిగా వంచి పిడికిలి గట్టిగా బిగించడానికి ప్రయత్నించండి. బిగియదు. మణికట్టు నిటారుగా గానీ కాస్త వెనక్కి గానీ ఉంటేనే పిడికిలికి బలం వస్తుంది. అలా నిలిపి ఉంచేవి ముంజేతి వెనక వైపు కండలు. అందుకే ఎంతసేపు పిడికిలి బిగిస్తే అంతసేపు వెనక కండలూ పనిచేస్తూనే ఉంటాయి. రాకెట్ ముట్టుకోని మనిషికి కూడా గ్రిప్పర్ పుణ్యమా అని మోచేతి బయటి ఎముక దగ్గర నొప్పి రావడం, దానికి టెన్నిస్ ఎల్బో అని పేరు పెట్టడం ఇందువల్లే. లోపలి ఎముక దగ్గర నొప్పి వస్తే అది గోల్ఫర్స్ ఎల్బో, అంటే ముడిచే కండల మొదట్లో ఒత్తిడి. ఈ రెండూ టెండన్ బాధలు. నొప్పి ఉంటుంది, తిమ్మిరి ఉండదు. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందు ముందు చాలాసార్లు అవసరమవుతుంది.

మణికట్టు సొరంగం: బొటనవేలి వైపు మూడున్నర వేళ్ళు

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు కలిసి ఒక గాడిలా ఏర్పడతాయి. ఆ గాడి మీద గట్టి పట్టీ ఒకటి అడ్డంగా కప్పి ఉంటుంది. ఆ సొరంగమే కార్పల్ టన్నెల్. బొటనవేలంత వెడల్పున్న ఆ దారిలోంచి తొమ్మిది టెండన్లు వెళ్తాయి, వాటితో పాటు ఒకే ఒక నరం, మీడియన్ నరం. టెండన్లు గట్టివి, నరం మెత్తనిది. చోటు ఇరుకైతే నలిగేది నరమే.

ఇరుకు ఎలా అవుతుందో కొలిచి చూశారు. మామూలు మనుషుల్లో మణికట్టు నిటారుగా ఉన్నప్పుడు ఆ సొరంగంలో పీడనం సుమారు 2.5 మిల్లీమీటర్ల పాదరసం. మణికట్టు పూర్తిగా వంచినా, వెనక్కి విరిచినా అది 30 దాకా పోతుంది. కార్పల్ టన్నెల్ జబ్బు ఉన్నవాళ్ళలో చెయ్యి కదపకుండా ఉన్నప్పుడే 32 ఉంటుంది, వంచితే 90 దాటుతుంది. 20, 30 దగ్గరే నరానికి రక్తం అందించే సన్నని నాళాల్లో ప్రవాహం మందగించడం మొదలవుతుంది. బెంచీ మీద పడుకుని బరువు పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌లో మణికట్టు వెనక్కి విరిగిపోయి బారు వేళ్ళ మొదళ్ళ మీద కూర్చున్నప్పుడు, అరచేతి మీద ఆని పుషప్‌లు తీసేటప్పుడు సొరంగంలో జరిగేది ఇదే.

గ్రిప్పర్ వాడేవాళ్ళు తెలుసుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. అరచేతిలో లంబ్రికల్స్ అని నాలుగు సన్నని కండలు ఉంటాయి. అవి ఎముక నుంచి కాకుండా ముడిచే టెండన్ల మీద నుంచే మొదలవుతాయి. పిడికిలి పూర్తిగా మూసినప్పుడు టెండన్లు వెనక్కి జరుగుతాయి కాబట్టి, ఆ కండలు కూడా వాటితో పాటే కార్పల్ టన్నెల్ లోపలికి దూరతాయి. ముందే కిక్కిరిసిన దారిలోకి ఇంకొంత మాంసం వచ్చి చేరినట్టు. గ్రిప్పర్‌ను పూర్తిగా మూసి బిగబట్టే కసరత్తు రోజుకు ఎన్నోసార్లు చేసేవాళ్ళకి, బరువులు ఎత్తకపోయినా, తిమ్మిరి రావడంలో ఆశ్చర్యం లేదు.

ఇక గుర్తులు. మీడియన్ నరం బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలిలో మధ్య వేలి వైపు సగం, వీటికి స్పర్శ ఇస్తుంది. ఉంగరం వేలిలో ఒక పక్క మొద్దుబారి, చిటికెన వేలి వైపు పక్క బాగానే ఉంటే అది చాలా నమ్మదగ్గ ఆనవాలు. అరచేతి మధ్య చర్మానికి స్పర్శ ఇచ్చే కొమ్మ మాత్రం సొరంగానికి ముందే విడిపోయి పైనుంచి వెళ్తుంది. కాబట్టి అసలైన కార్పల్ టన్నెల్ బాధలో వేళ్ళు మొద్దుబారతాయి గానీ అరచేతి చర్మం మామూలుగానే ఉంటుంది. రాత్రిళ్ళు ఎక్కువవుతుంది, ఎందుకంటే నిద్రలో మణికట్టు మనకు తెలియకుండానే వంగిపోతుంది. లేచి చెయ్యి విదిలిస్తే తేలికపడుతుంది. రెండు చేతుల వెనక భాగాలు ఆనించి, మణికట్లు వంచి ఒక నిమిషం ఉంచితే ఆ వేళ్ళలోనే తిమ్మిరి మొదలవుతుందేమో చూడటం డాక్టర్లు చేసే ఫాలెన్ పరీక్ష. ఇంట్లోనూ చేసుకోవచ్చు. అయితే తిమ్మిరి రాలేదని జబ్బు లేదనుకోకూడదు.

చిటికెన వేలి కథ

మోచేతి ఎముక గోడకో కుర్చీకో తగిలినప్పుడు చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది కదా, ఆ జివ్వుమనేది ఎముక కాదు, అల్నార్ నరం. మోచేతి లోపలి వైపు ఎముక వెనక, చర్మం కిందనే, దాదాపు ఏ రక్షణా లేకుండా వెళ్తుంది. మోచేయి మడిచిన కొద్దీ ఆ నరం సాగుతుంది, అది వెళ్ళే దారి సన్నబడుతుంది. బరువు పట్టుకుని మోచేయి మడిచే కర్ల్స్ పై భాగంలో, పుల్-అప్‌లో గడ్డం కడ్డీ దాటినప్పుడు మోచేయి అలాగే మడిచి ఉంటుంది. కానీ అసలు నష్టం చాలామందికి మంచం మీద జరుగుతుంది: చెయ్యి తల కింద మడిచి పెట్టుకుని పడుకోవడం, ఛాతీ మీద మోచేయి మడిచి గంటలకొద్దీ ఫోను చూడటం. జిమ్‌లో అలసిన నరానికి రాత్రంతా విశ్రాంతి దొరకదు. కొందరికి మోచేయి మడిచినప్పుడల్లా ఆ నరం ఎముక మీంచి అటూ ఇటూ జారుతుంది కూడా. ఏ బాధా లేనివాళ్ళలోనూ ఇది కనిపిస్తుంది. ట్రైసెప్స్ కసరత్తుల్లో మోచేతి లోపలి వైపు టక్ టక్ మంటూ చిటికెన వేలు జివ్వుమంటే మాత్రం ఆ కసరత్తు ఆపేయాలి.

అదే నరం మణికట్టు దగ్గర ఇంకో ఇరుకు దారిలోంచి వెళ్తుంది, గయాన్ కెనాల్. అరచేతి మడమలో చిటికెన వేలి వైపు కొంచెం లోపలికి గట్టిగా నొక్కితే చిన్న ఎముక తగులుతుంది, దాని పక్కనే ఆ దారి. దూరాలు సైకిల్ తొక్కేవాళ్ళకు హ్యాండిల్ ఒత్తిడి వల్ల ఇక్కడే బాధ వస్తుంది. మన విషయంలో గ్రిప్పర్ హ్యాండిల్ చివర, లావు డంబెల్ అంచు, పుషప్‌లో అరచేతి బరువు, కెటిల్‌బెల్ పిడి సరిగ్గా ఆ చోటే నొక్కుతాయి.

మరి చిటికెన వేలు మొద్దుబారితే తప్పు మోచేతిదా, మణికట్టుదా? దీనికి చక్కని ఆనవాలు ఒకటుంది. చేతి వెనక భాగంలో చిటికెన వేలి వైపు చర్మాన్ని వేలితో తడిమి చూడండి. ఆ చర్మానికి వెళ్ళే కొమ్మ మణికట్టుకు కొన్ని సెంటీమీటర్లు పైనే విడిపోతుంది. వెనక వైపు కూడా మొద్దుగా ఉంటే నొక్కుడు పైన, బహుశా మోచేతి దగ్గర. వెనక బాగుండి అరచేతి వైపే మొద్దుగా ఉంటే మణికట్టు దగ్గర. ఏ యంత్రమూ అక్కర్లేని ఈ పరీక్ష, కసరత్తు మార్చాలా లేక నిద్ర భంగిమ మార్చాలా అన్నది తేల్చేస్తుంది.

అల్నార్ నరం విషయంలో ఎక్కువ భయపడాల్సింది తిమ్మిరికి కాదు, తిమ్మిరి లేని బలహీనతకు. గయాన్ కెనాల్ లోపల ఈ నరం రెండుగా చీలుతుంది. లోతుగా వెళ్ళే కొమ్మ స్పర్శ ఇవ్వదు, కండలను మాత్రమే నడిపిస్తుంది. అది ఒక్కటే నలిగితే వేళ్ళలో తిమ్మిరి ఏమీ ఉండదు, కానీ వేళ్ళు దూరంగా చాచడం కష్టమవుతుంది, తాళం తిప్పడం తేలిగ్గా ఉండదు, చొక్కా గుండీలు ఆలస్యంగా పడతాయి. దీన్ని చూడటానికి ఒక కాగితం చాలు. బొటనవేలు నిటారుగా ఉంచి, దానికీ చూపుడు వేలి పక్కకీ మధ్య కాగితం బిగించి పట్టుకోండి. ఆ కాగితాన్ని ఎవరినైనా లాగమనండి. లాగుతుంటే బొటనవేలి కొన కణుపు దానంతటదే వంగిపోతే, బొటనవేలిని చూపుడు వేలి వైపు నొక్కే కండ తన పని చేయడం లేదని, దాని బదులు మీడియన్ నరం నడిపించే కండ కష్టపడుతోందని అర్థం. ఫ్రొమెంట్ గుర్తు అనే ఈ పరీక్షలో తేడా వస్తే, ఇక వ్యాయామం మార్చుకుందాంలే అని ఊరుకోకూడదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

బొటనవేలి దగ్గర, వేలి పక్కన

వెయిట్‌లిఫ్టర్లు కడ్డీ పట్టుకునే పద్ధతి వేరు. బొటనవేలు ముందు కడ్డీ చుట్టూ చుట్టి, దాని మీద మిగతా వేళ్ళు వేసి బిగిస్తారు. దీన్ని హుక్ గ్రిప్ అంటారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి క్రీడ అది. పోటీల్లో మగవాళ్ళ కడ్డీ మందం 28 మిల్లీమీటర్లు, ఆడవాళ్ళది 25. ఈ పట్టులో కడ్డీకీ వేళ్ళకీ మధ్య బొటనవేలు నలుగుతుంది. మొదటి వారాల్లో నొప్పి మామూలే. నొప్పి పర్లేదు గానీ, బొటనవేలి పక్క ఒక గీతలా మొద్దుబారడం, తడిమితే కరెంటు కొట్టినట్టు అనిపించడం వేలి నరం నలుగుతోందనడానికి గుర్తు. కొత్తవాళ్ళు తేలిక బరువులతో, బొటనవేలికి టేపు చుట్టి, కొన్ని సెట్లకే ఈ పట్టు వాడుతూ అలవాటు చేసుకోవడం మేలు.

ఒక్క వేలిలో ఒక్క పక్క మాత్రమే మొద్దుబారితే కూడా ఇదే కారణం. వేలికి స్పర్శనిచ్చే నరాలు వేలికి రెండు పక్కలా వెళ్తాయి. కాయలు కాసిన చోట చర్మం మడత పడి, దాని మీద కడ్డీ నొక్కితే ఆ నరాలు నలుగుతాయి. కడ్డీని అరచేతి మధ్యలో పట్టుకుని ఎత్తేవాళ్ళకి ఇది ఎక్కువ: బరువు లేవగానే కడ్డీ జారి వేళ్ళ మొదళ్ళ దగ్గరికి వస్తుంది, దారిలో చర్మాన్ని ముడతేసుకుంటూ వస్తుంది. మొదట్లోనే కడ్డీని వేళ్ళు అరచేతిని కలిసే గీత దగ్గర పెట్టుకుంటే జారే పనే ఉండదు. కాయలు పూర్తిగా తీసేయకూడదు. స్నానం చేశాక మెత్తబడ్డప్పుడు ప్యూమిస్ రాయితో పైన ఎత్తుగా ఉన్నంత మేరకు అరగదీస్తే చాలు. గ్లవ్స్ వేసుకుంటే చర్మం బాగుంటుంది గానీ కడ్డీ లావు పెరిగి ఇంకా గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది. నరం సమస్య ఉన్నవాళ్ళకు అది లాభం కాదు.

మణికట్టు బయటి వైపు, బొటనవేలి వెనక చర్మం మొద్దుబారితే మణికట్టును కడ్డీకి కట్టే స్ట్రాప్, మణికట్టుకు చుట్టే రిస్ట్ ర్యాప్, బిగుతు వాచీ ఏదో చూసుకోండి. అక్కడ రేడియల్ నరం కొమ్మ చర్మం కిందనే ఉంటుంది. వదులు చేస్తే సాధారణంగా తగ్గిపోతుంది.

నరం కానివి

ఉంగరం వేలో మధ్య వేలో పొద్దున ముడుచుకుపోయి టక్కున తెరుచుకోవడం ట్రిగ్గర్ ఫింగర్. వేలి మొదట్లో, అరచేతి వైపు, టెండన్‌ను పట్టి ఉంచే మొదటి పట్టీ మందమై, టెండన్ మీద చిన్న ఉబ్బు ఏర్పడి, అది పట్టీ కింద ఇరుక్కుంటుంది. అక్కడ నొక్కితే చిన్న గడ్డలా తగులుతుంది, నొప్పి ఉంటుంది, తిమ్మిరి ఉండదు. షుగరు ఉన్నవాళ్ళలో ఇది మరింత తరచుగా వస్తుంది. గ్రిప్పర్ ఆపి, రాత్రి వేలు చాచి ఉంచే పట్టీ కట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది. లేకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్, చివరికి టెండన్‌ను ఇరికించిన లోపలి పట్టీని కోసే చిన్న ఆపరేషన్.

బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి, గిన్నె ఎత్తినా పిల్లని ఎత్తుకున్నా పెరిగేది డీ క్వెర్వేన్ బాధ. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డీ క్వెర్వేన్ 1895లో వర్ణించాడు. డంబెల్‌ను సుత్తిలా పట్టుకుని మణికట్టును పక్కకు వంచే కసరత్తులు దీన్ని రేపుతాయి. ఇక వేళ్ళ కొనలతో వేలాడేవాళ్ళకి, క్లైంబింగ్ చేసేవాళ్ళకి వేలి మధ్యలో టప్‌మని శబ్దం వచ్చి వాచిపోతే టెండన్‌ను పట్టి ఉంచే పట్టీ తెగిందేమో చూపించుకోవాలి.

జిమ్ తప్పు కానివి

వ్యాయామానికి ముందు తాగే ప్రీ-వర్కౌట్ పొడుల్లో చాలావాటిలో బీటా-అలనీన్ ఉంటుంది. తాగిన పావుగంట, ఇరవై నిమిషాలకు మొహం, మెడ, చేతుల మీద చీమలు పాకినట్టు జిలజిలమంటుంది. గంటో గంటన్నరో ఉండి పోతుంది, హాని లేదు. రెండు చేతులూ, మొహమూ ఒకేసారి జిలజిలమంటే ముందు డబ్బా మీద రాసింది చదవండి.

విటమిన్ బీ12 తగ్గినా తిమ్మిర్లు వస్తాయి. అయితే అవి ఎక్కువగా రెండు పాదాల్లో మొదలై, రెండు వైపులా సమానంగా ఉంటాయి. బీ12 మొక్కల ఆహారంలో దొరకదు, కాబట్టి పాలూ గుడ్డూ కూడా ముట్టనివాళ్ళు, షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్ళు రక్త పరీక్ష చేయించుకోవాలి. కానీ కార్పల్ టన్నెల్‌లో నలుగుతున్న నరానికి బీ కాంప్లెక్స్ బిళ్ళ ఏమీ చేయదు. పైగా బీ6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. ప్రొటీన్ పొడిలో కొంత, ప్రీ-వర్కౌట్‌లో కొంత, మందుల షాపు బిళ్ళలో కొంత కలిసి ఆ మోతాదు తెలియకుండానే పెరిగిపోవచ్చు. తిమ్మిరి తగ్గడానికి మింగే బిళ్ళ తిమ్మిరికి కారణమయ్యే పరిస్థితి రాకూడదు.

షుగరు, థైరాయిడ్ తక్కువగా ఉండటం, గర్భం, ఈ మూడింటిలోనూ కార్పల్ టన్నెల్ బాధ తేలిగ్గా వస్తుంది. మెడలో డిస్కు నరాన్ని నొక్కితే కూడా వేళ్ళ వరకూ తిమ్మిరి పాకుతుంది. మెడ వెనక్కో పక్కకో వంచినప్పుడు పెరిగితే, భుజం మీంచి చేతిలోకి నొప్పి దిగితే మణికట్టును నిందించవద్దు.

కుష్ఠు గురించి చాలామంది మాట్లాడరు, నేను మాట్లాడతాను. ప్రపంచంలో ఏటా నమోదయ్యే కొత్త కుష్ఠు కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. అది దెబ్బతీసే నరాల్లో ముఖ్యమైనది మోచేతి దగ్గరి అల్నార్ నరమే. చిటికెన వేలు మొద్దుబారడంతో పాటు ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే, మోచేతి వెనక నరం తాడులా లావుగా చేతికి తగిలితే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. మందులు ఉచితం, జబ్బు పూర్తిగా నయమవుతుంది. సిగ్గుపడి ఆలస్యం చేస్తే చేతి కండలు పోతాయి.

నరం నలిగితే ఏమవుతుంది?

కాలు మడుచుకుని కూర్చుంటే వచ్చే తిమ్మిరికీ, రాత్రి వేళ్ళ తిమ్మిరికీ మొదలు ఒకటే. ఒత్తిడికి నరానికి రక్తం తగ్గుతుంది, సంకేతాలు ఆగిపోతాయి. ఒత్తిడి తీసేయగానే నరం అస్తవ్యస్తంగా సంకేతాలు పంపుతుంది, అదే ఆ సూదులు గుచ్చినట్టుండే అనుభవం. నిమిషాల్లో తగ్గిపోతుంది. ఇదే ఒత్తిడి రోజూ పడితే నరం చుట్టూ ఉండే మైలిన్ పొర దెబ్బతింటుంది. బ్రిటిష్ సర్జన్ హెర్బర్ట్ సెడన్ 1943లో నరాల గాయాలను మూడు మెట్లుగా విడగొట్టాడు. మొదటి మెట్టు ఇదే: పొర చెడింది, లోపలి తీగ బాగుంది. కొన్ని రోజుల నుంచి పన్నెండు వారాల లోపు పూర్తిగా కోలుకుంటుంది. జిమ్‌లో వచ్చే బాధల్లో అత్యధికం ఈ మెట్టు మీదే ఉంటాయి.

రెండో మెట్టులో లోపలి తీగ తెగుతుంది. అది మళ్ళీ పెరుగుతుంది, కానీ రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మోచేతి నుంచి అరచేతి కండల దాకా ముప్ఫై సెంటీమీటర్లు అనుకుంటే పది నెలలు. ఈలోగా నరం అందని కండ చిక్కిపోతుంది. ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం వచ్చి చేరినా కండ తిరిగి లేచే అవకాశం తగ్గిపోతుంది. అందుకే నొప్పిని ఓర్చుకోవడం వేరు, మొద్దుబారడాన్ని ఓర్చుకోవడం వేరు. బరువులెత్తేవాళ్ళకు నొప్పి భరించడం గొప్పగా నేర్పుతారు. తిమ్మిరిలో సాధారణంగా నొప్పి ఉండదు కాబట్టి దాన్ని లెక్కచేయరు. నా దృష్టిలో ఈ రంగంలో జరిగే అతి పెద్ద పొరపాటు ఇదే.

ఏం మార్చాలి?

ముందుగా గ్రిప్పర్. బార్‌బెల్‌కు 1.25 కిలోల ప్లేటు వేసి కొంచెం కొంచెం పెంచుకోవచ్చు. మామూలు గ్రిప్పర్‌కు ఆ వీలు లేదు. పేరున్న ఐరన్‌మైండ్ కంపెనీ గ్రిప్పర్లలో 1వ నంబరు 140 పౌండ్లు, 2వది 195, 3వది 280. మధ్యలో అర నంబర్లు ఉన్నా, ఈ నంబర్లలో ఒకదాని నుంచి పైదానికి దూకడం అంటే మూడో వంతుకు పైగా బరువు ఒకేసారి పెంచడం. కండ కొన్ని వారాల్లో బలపడుతుంది, టెండన్‌కు నెలలు పడుతుంది. ఈ తేడాలోనే ట్రిగ్గర్ ఫింగర్, మోచేతి నొప్పి పుడతాయి. వారానికి రెండు రోజులు, ఎక్కువైతే మూడు రోజులు, సెట్లు లెక్కపెట్టి చేయండి. టీవీ చూస్తూ, మీటింగులో కూర్చుని వందలసార్లు నొక్కడం కసరత్తు కాదు, మణికట్టు సొరంగంలో పదే పదే ఒత్తిడి పెంచడమే.

వీపు కసరత్తులన్నీ పట్టు కసరత్తులే అన్న సంగతి లెక్కలోకి తీసుకోవాలి. డెడ్‌లిఫ్ట్, రోయింగ్, పుల్-అప్ చేసిన రోజే ఫార్మర్స్ వాక్, డెడ్ హ్యాంగ్ కలిపితే వేళ్ళకు విరామమే ఉండదు. బరువైన చివరి సెట్లకు స్ట్రాప్స్ వాడటం పట్టు లేని తనమేమీ కాదు. మొదటి సెట్లు ఉత్త చేత్తో, చివరివి స్ట్రాప్స్‌తో చేస్తే పట్టూ పెరుగుతుంది, నరమూ బతుకుతుంది.

ప్రెస్‌లలో మణికట్టు ముంజేతికి వరసలో ఉండాలి, బారు ముంజేతి ఎముకల మీదుగా దిగాలి. పుషప్‌లకు పిడులు గానీ, పిడికిలి గానీ వాడితే మణికట్టు వెనక్కి విరగదు. చిటికెన వేలి బాధ ఉన్నవాళ్ళు కర్ల్‌ను పూర్తిగా పైదాకా తీసుకెళ్ళకుండా కాస్త ముందే ఆపాలి.

రాత్రి సంగతి మరిచిపోవద్దు. మూడు వేళ్ళ తిమ్మిరికి మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ కొన్ని వారాలు రాత్రిళ్ళు కట్టుకోవడం మొదటి వైద్యం. గట్టిగా బిగించకూడదు. చిటికెన వేలి తిమ్మిరికి మోచేయి మడవకుండా తువ్వాలు వదులుగా చుట్టుకుని పడుకోవడం అంతే పనిచేస్తుంది. నర్వ్ గ్లైడింగ్ అని ఫిజియోలు నేర్పే కదలికలు మెల్లగా, తిమ్మిరి రాకుండా చేయాలి. అవి నరాన్ని దాని దారిలో జారేలా చేయడానికే, సాగదీయడానికి కాదు. సాగదీసి తిమ్మిరెక్కించుకుంటే ఉన్న బాధ పెరుగుతుంది.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి?

కసరత్తు ఆపినా రెండు మూడు వారాలకు తిమ్మిరి తగ్గకపోతే, తిమ్మిరి వచ్చి పోవడం మానేసి రోజంతా ఉంటుంటే, గ్లాసులు చేతిలోంచి జారుతుంటే ఆగకూడదు. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ గానీ, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య వెనక వైపు కండ గానీ ఒక చేతిలో లోతుకు పోయి కనిపిస్తే ఆ వారమే వెళ్ళాలి. చేతి తిమ్మిరితో పాటు కాళ్ళు తడబడినా, మూత్రం పట్టు తప్పినా, మొహం ఒక పక్కకు జారినా, మాట తడబడినా, ఛాతీలో బిగుతు ఉన్నా అది జిమ్ సమస్య కాదు, వెంటనే ఆసుపత్రి.

డాక్టరు మణికట్టు మీద, మోచేతి వెనక వేలితో తట్టి చూస్తారు. ఫ్రాన్స్ న్యూరాలజిస్టు జూల్ టినెల్ 1915లో, యుద్ధంలో గాయపడిన సైనికుల నరాలు పరీక్షిస్తూ వర్ణించిన పద్ధతి అది: నరం దెబ్బతిన్న చోట తడితే వేళ్ళ దాకా జివ్వుమంటుంది. అవసరమైతే నరంలో సంకేతం ఎంత వేగంగా వెళ్తోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష రాస్తారు. మొదటి దశలో అది మామూలుగానే రావచ్చు. రిపోర్టు బాగుందని రాత్రి పట్టీ మానేయడం, గ్రిప్పర్ మళ్ళీ చేతిలోకి తీసుకోవడం తొందరపాటే. ఎప్పుడు, ఏ వేలు, ఏ పక్క, ఏ కసరత్తు తర్వాత అని రెండు వారాలు ఫోన్‌లో రాసి పెట్టుకుని తీసుకెళ్తే ఆ రిపోర్టు కంటే డాక్టరుకు అదే ఎక్కువ చెబుతుంది.

తిమ్మిరి పూర్తిగా పోయాక రెండు వారాలు ఆగి మొదలుపెట్టండి. ముందు స్ట్రాప్స్‌తో లాగే కసరత్తులు, తర్వాత ఉత్త చేత్తో తేలిక సెట్లు, తర్వాత వేలాడటం. గ్రిప్పర్ అన్నిటికంటే చివర, మునుపటి కంటే ఒక నంబరు తక్కువతో. మధ్యలో ఏ రాత్రైనా వేలు మళ్ళీ మొద్దుబారితే ఒక మెట్టు వెనక్కి.